ముందు కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి

మన బడి వార్షిక సంచికకు ఏదైనా రాయమని ఉపాధ్యాయులు అడిగినప్పుడు మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మాకు కథలు రావు, కవితలు అసలే రావు. భార్యాభర్తలం ఇద్దరం దోహాలో ఒకే ల్యాబరేటరీలో పనిచేస్తాం. పగలంతా చిన్న చిన్న గొట్టాల్లోని రక్తంతో పని, సాయంత్రం దాని గురించే కబుర్లు. ఎవరి అనుభవం ఎవరిదో విడదీయడం కష్టం కాబట్టి ఇక్కడ అంతా "మేము" అనే రాస్తున్నాం.

పోయిన చలికాలంలో మా ల్యాబులో ఒక చిక్కు వచ్చిపడింది. సరిగ్గా అదే రోజుల్లో భీమవరం దగ్గర పల్లె నుంచి మామ్మ మా ఇంటికి వచ్చింది. ఆవిడ మాలో ఒకరికి అమ్మ, ఒకరికి అత్తయ్యగారు. పిల్లలతో పాటు మాకూ "మామ్మ" అనడమే అలవాటైపోయింది. మా ల్యాబు చిక్కుకీ, మామ్మకీ సంబంధం ఏమిటో చెప్పాలంటే ముందు మా పని ఏమిటో చెప్పాలి. పిల్లలకు అర్థమయ్యేలా చెబుతాం, పెద్దలు కూడా వినవచ్చు!

పిల్లలూ, మన శరీరం కణాలతో తయారైందని మీరు స్కూల్లో చదివే ఉంటారు. కానీ కణాలు ఒకదానికొకటి ఊరికే అంటుకుని ఉండవు. పల్లీ ఉండ తిన్నారు కదా? పల్లీల మధ్య బెల్లం పాకం ఉండబట్టే అది ఉండగా నిలుస్తుంది. పాకం లేకపోతే గుప్పెడు పల్లీలే. మన కణాల మధ్య కూడా అలాంటి పాకం ఒకటి ఉంది. దాన్ని కణబాహ్య మాత్రిక అంటారు. చర్మం సాగడానికీ, ఎముక గట్టిగా ఉండడానికీ ఇదే ముఖ్యం. మోకాలి కీలులో ఎముకల చివర ఉండే నున్నని పొర, అంటే మృదులాస్థి ఉంది చూశారూ, అందులో పల్లీలు బాగా తక్కువ, దాదాపు అంతా పాకమే. మన పెద్దవాళ్ళు "మోకాల్లో గుజ్జు అరిగిపోయింది" అంటారే, ఆ గుజ్జు ఇదే.

ఈ గుజ్జులో ఉండే ఒక ప్రోటీన్ పేరు కార్టిలేజ్ ఒలిగోమెరిక్ మాట్రిక్స్ ప్రోటీన్. నోరు తిరగదు కదా! అందుకే ల్యాబుల్లో పొట్టిగా "కాంప్" అంటారు. ఒకేలాంటి ఐదు ముక్కలు ఒక చోట కలిసి, చేతికి ఐదు వేళ్ళున్నట్టు ఉంటుంది. ఆ వేళ్ళతో కొల్లాజెన్ అనే గట్టి పోగులను పట్టుకుని ఉంటుంది. స్వీడన్‌లోని లుండ్‌లో డిక్ హైనెగార్డ్ బృందం 1992లో దీన్ని వివరించింది. గుజ్జు అరుగుతున్నప్పుడు ఈ ప్రోటీను, దాని ముక్కలు కీలులోని ద్రవంలోకి, అక్కడి నుంచి రక్తంలోకి చేరతాయి. అంటే మోకాలు కోయకుండా, మోచేతి దగ్గర తీసిన కాస్త రక్తంలోనే మోకాలి కబురు కొంత తెలుస్తుందన్నమాట.

అయితే రక్తంలో వేల రకాల ప్రోటీన్లు ఉంటాయి. అందులో కాంప్ ఎంత ఉందో కొలవడం ఎలా? మిల్లీలీటరుకి ఇన్ని నానోగ్రాములని చెప్పాలి. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. ఏ తక్కెడా తూచలేదు. దానికి వాడే పద్ధతి పేరు ఎలైజా. 1971లో స్టాక్‌హోమ్‌లో ఎవా ఎంగ్వాల్, పీటర్ పెర్ల్‌మన్ దీన్ని ప్రకటించారు. అదే ఏడాది నెదర్లాండ్స్‌లో ఇద్దరు శాస్త్రవేత్తలు విడిగా ఇలాంటిదే కనిపెట్టారు. అంతకుముందు ఇలాంటి కొలతలకు రేడియోధార్మిక పదార్థం వాడేవారు. ఆ పాత పద్ధతిని రూపొందించినందుకు రోసలిన్ యాలోకు 1977లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఎలైజా పళ్ళెం చూస్తే మీకు గుంతపొంగణాల పెనం గుర్తొస్తుంది. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పళ్ళెంలో వరసకి 12 చొప్పున 8 వరసలు, మొత్తం 96 గుంతలు. ప్రతి గుంత అడుగునా కాంప్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీలు అంటించి ఉంటాయి. పలచబరిచిన రక్తద్రవం అందులో పోస్తాం. కాంప్ అంటుకుంటుంది, మిగతావి అంటుకోవు. బియ్యం కడిగినట్టు నాలుగైదు సార్లు కడిగితే మిగతావన్నీ పోతాయి. తర్వాత కాంప్‌ను రెండో వైపు నుంచి పట్టుకునే ఇంకో యాంటీబాడీ పోస్తాం. దాని తోకకి ఒక ఎంజైము కట్టి ఉంటుంది. ఆ ఎంజైము ఎక్కడిదనుకున్నారు? ఆవాల కుటుంబానికే చెందిన హార్స్‌రాడిష్ అనే దుంపది! మళ్ళీ కడిగి, రంగు మారే మందు పోస్తే గుంతలు నీలంగా మారడం మొదలవుతుంది. కొంచెం ఆమ్లం వేయగానే నీలం కాస్తా పసుపు పచ్చన అవుతుంది. ఎక్కడ కాంప్ ఎక్కువుంటే అక్కడ పసుపు చిక్కన. ఎంత చిక్కనో యంత్రం 450 నానోమీటర్ల కాంతి పంపి చూసి చెబుతుంది.

కానీ యంత్రం చెప్పేది రంగు మాత్రమే, బరువు కాదు. అందుకని ప్రతి పళ్ళెంలోనూ ఎంత కాంప్ ఉందో ముందే తెలిసిన కొన్ని గుంతలు కూడా పెడతాం. అర చెంచా, ఒక చెంచా, రెండు చెంచాలు పంచదార వేసిన టీలు ముందు రుచి చూస్తే, నాలుగో గ్లాసులో ఎంత వేశారో చెప్పగలం కదా, అలాగే. తెలియనిదాన్ని తెలిసినదాని పక్కన పెట్టి చూడడమే కొలత.

ఇదంతా ఎక్కడో శాస్త్రవేత్తల సంగతి అనుకోకండి. ఖతార్ వచ్చే ముందో, వచ్చాకో మీ నాన్నగారు, అమ్మగారు వీసా కోసం రక్త పరీక్ష చేయించుకునే ఉంటారు. ఎయిడ్స్, కామెర్ల వైరస్‌ల కోసం చేసే పరీక్షలు ఈ కుటుంబానికి చెందినవే. ఇంకో మాట. రంగును బట్టి రక్తంలోని పదార్థాన్ని కొలిచే విద్యలో మన తెలుగువాడి చేయి ఎప్పుడో పడింది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్‌ను నీలం రంగు ద్వారా కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. ఆ పద్ధతికి ఇప్పటికీ వాళ్ళిద్దరి పేర్లే. ఈ సంగతి చెబితే మామ్మ, "మా భీమవరం వాడేనా! అయితే చెయ్యగలడులే" అని తేల్చేసింది.

ఇక మామ్మ దగ్గరికి వద్దాం. నవంబరులో మూడు నెలల కోసం వచ్చింది. హమద్ విమానాశ్రయంలో మేం నలుగురం అద్దాల తలుపుల ఎదురుగా నిలబడ్డాం. మామ్మ చేతిసంచీతో, చిరునవ్వుతో నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చింది. "మోకాళ్ళు ఎలా ఉన్నాయి?" అని అడిగాం. "బానే ఉన్నాయి. నడిచే వచ్చాను కదా" అంది. మాకెంత సంతోషమో! ఊరి నుంచి ఫోన్లో చిన్నాన్నలు చెప్పిందంతా అతిశయోక్తి అనుకున్నాం.

తర్వాత కూడా రోజూ అడిగేవాళ్ళం. పొద్దున్నే ఒక చేత్తో కారు తాళాలు, ఒక చేత్తో టిఫిన్ డబ్బా పట్టుకుని, బూట్లు వేసుకుంటూ "నొప్పేం లేదుగా?" అని. "ఏం లేదు, మీరెళ్ళి రండి" అనేది. అయితే దేవుడి దగ్గర కింద కూర్చునే మనిషి కుర్చీలోంచే దణ్ణం పెడుతోందనీ, సోఫాలోంచి లేచేటప్పుడు రెండు చేతులూ ఆనిస్తోందనీ మాకంటే ముందు మా ఏడేళ్ళ బాబు కనిపెట్టాడు. "మీ పెనంలో పెట్టి మామ్మ గుజ్జు ఎంత ఉందో చూడొచ్చుగా?" అని ఒక రాత్రి అడిగాడు.

నిజం చెప్పాలంటే మాకూ ఆ ఆలోచన రాకపోలేదు. ఒక రోజు పళ్ళెం చివరి వరసలో రెండు గుంతలు ఖాళీగా మిగిలాయి. ఒక్క గొట్టం రక్తం, అంతేగా! కానీ చెయ్యలేదు. మొదటి కారణం, మనిషి రక్తం ఆ మనిషిదే. పరిశోధనకు తీసుకోవాలంటే ఎందుకో చెప్పాలి, నైతిక సంఘం అనుమతి ఉండాలి, ఇచ్చేవారు చదివి సంతకం పెట్టాలి. ఈ దేశంలోనే 2012లో మొదలైన ఖతార్ బయోబ్యాంక్ వేల మంది నుంచి రక్తం, మూత్రం, లాలాజలం అలాగే తీసుకుంది. ఖతారీలతో పాటు ఇక్కడ 15 ఏళ్ళు దాటిన మనలాంటి వాళ్ళకూ అందులో చోటిచ్చింది. ఎవరు చేసినా ముందు అడగాలి. సొంత మామ్మ అయినా సరే.

రెండో కారణం, ఆ అంకె వచ్చినా మాకు ఏమీ చెప్పదు. ఎక్కువ మందిని కలిపి చూస్తే, మోకాళ్ళు అరిగినవారి సగటు కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. కానీ విడివిడిగా చూస్తే ఇరువైపుల అంకెలూ కలగలిసిపోతాయి. అరిగినవారిలో తక్కువ ఉన్నవారూ, అరగనివారిలో ఎక్కువ ఉన్నవారూ ఉంటారు. అందుకే ఒక మనిషి మోకాలి సంగతి ఈ ఒక్క అంకెతో ఏ డాక్టరూ తేల్చరు. ఇదంతా బాబుకి చెబితే, "మరి మామ్మకి నొప్పి ఉందో లేదో ఎలా తెలుస్తుంది?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

అదే సమయంలో ల్యాబులో చిక్కు. రోగుల రక్తం ముట్టుకునే ముందు పద్ధతి సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. అందుకు అనుమతి తీసుకుని, ఇష్టపడి ముందుకొచ్చిన సహోద్యోగులు కొందరి రక్తం వేర్వేరు రోజుల్లో రెండేసి సార్లు తీశాం. మా ఇద్దరిదీ అందులో ఉంది. తీసేవాళ్ళమూ మేమే, కొలిచేవాళ్ళమూ మేమే. తీరా చూస్తే ఒకే మనిషి రెండు గొట్టాలకీ పొంతన లేదు! ఒక రోజు ఒక అంకె, ఇంకో రోజు మరో అంకె. ఒకే నమూనాను పక్కపక్క గుంతల్లో పోస్తే అవి చక్కగా కలుస్తున్నాయి, అంటే చేతి పొరపాటు లేదు. తెలిసిన గుంతల గీత కూడా సరిగ్గానే వస్తోంది. కిట్టును అనుమానించాం, కడిగే యంత్రాన్ని అనుమానించాం, చివరికి ఏసీ గాలిని కూడా. వారాల పని, ఖరీదైన పళ్ళేలు వృథా అయ్యాయి. ఎవరినో అనడానికి లేదు, తప్పు ఎక్కడో మా దగ్గరే ఉంది.

ఒక రాత్రి భోజనాల దగ్గర ఈ గోలంతా మాట్లాడుకుంటుంటే మామ్మ పెరుగు వడ్డిస్తూ వింటోంది. "అయితే వాళ్ళు వచ్చీ రాగానే సూది గుచ్చేస్తారా?" అంది.

"అవును మామ్మా, పాపం వాళ్ళని ఆపకూడదని."

"అదేంటి! ఎక్కడినుంచి పడుతూ లేస్తూ వచ్చారో ఏమో! ఇంటికొచ్చిన మనిషిని ముందు కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, అలుపు తీరాక కదా ఏదైనా అడిగేది? ఆయాసం మీద ఉన్న మనిషి ఏం చెబుతాడు?"

మేం నవ్వాం. నవ్వి, పడుకున్నాక ఇద్దరికీ నిద్ర పట్టలేదు. మొదటిసారి రక్తం తీసిన రోజు మేం కారు కింద పార్కింగులో పెట్టి లిఫ్టులో వెళ్ళాం. రెండోసారి లిఫ్టు పాడై నాలుగంతస్తులు మెట్లెక్కాం. ఒక సహోద్యోగి ఒక రోజు బస్సులో, ఇంకో రోజు మెట్రో దిగి ఎండలో నడిచి వచ్చాడు. వెంటనే లేచి పరిశోధన పత్రాలు వెతికాం. ఉంది! కాంప్ మోకాలి మీద పడే బరువును బట్టి మారుతుంది. మారథాన్ పరుగెత్తినవారిలో అది పెరుగుతుంది. అరగంట మామూలు నడకకే ఆరోగ్యంగా ఉన్నవారిలో కూడా పెరుగుతుందనీ, అరగంట కూర్చుంటే తిరిగి దిగుతుందనీ 2005లోనే రాశారు. రాత్రి పడుకున్నప్పుడు తగ్గుతుందని కూడా ఇంకొకరు చూపించారు. పొద్దున్నా, మధ్యాహ్నమా అని గడియారం చూసుకున్నాం కానీ, మనిషి కూర్చున్నాడా, నడిచొచ్చాడా అని చూసుకోలేదు. ముందే చదవాల్సింది, చదవలేదు.

మర్నాడు ల్యాబు వరండాలో కుర్చీలు వేశాం. వచ్చినవారిని అరగంట కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, అప్పుడు రక్తం తీశాం. అంకెలు చాలామటుకు దగ్గరికొచ్చాయి. ఇద్దరివి అప్పటికీ కలవలేదు, వాటి కారణం ఇంకా వెతుకుతున్నాం. కానీ పెద్ద చిక్కు విడిపోయింది. ఇంటికొచ్చి చెబితే మామ్మ పెద్దగా ఆశ్చర్యపోలేదు. "దీనికి చదువెందుకు?" అంది.

ఇంతటితో ఆగిపోతే ఇది ల్యాబు కథే. అసలు సంగతి ఆ తర్వాతి శుక్రవారం జరిగింది. మన బడిలో మా అమ్మాయి తరగతికి ఇంటిపని ఇచ్చారు. ఇంట్లో పెద్దవారిని పది ప్రశ్నలు అడిగి, జవాబులు తెలుగులో రాసుకురావాలి. అమ్మాయి మామ్మను కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టింది. గ్లాసుడు మంచినీళ్ళు తెచ్చి పెట్టింది. నోటుపుస్తకం తీసి తనూ ఎదురుగా కూర్చుంది. వంటింట్లో మాకు మాటలు వినబడుతున్నాయి కానీ పట్టించుకోలేదు. దాదాపు గంట పట్టింది.

రాత్రి అక్షరదోషాలు దిద్దడానికి పుస్తకం తెరిచాం. ఏడో ప్రశ్న: "దోహా రావడంలో నీకు కష్టమైనది ఏది?" దాని కింద వంకర అక్షరాల్లో జవాబు ఇలా ఉంది: "విమానం దగ్గర నుండి చక్రాల కుర్చిలో తీసుకొచ్చారు. అద్దాల తలుపులకి ముందు ఆపమన్నాను. మీరు చూస్తే బెంగ పెట్టుకుంటారని. అక్కడి నుండి మీ దాకా నడవడం కష్టం అయింది."

"కుర్చీ"కి దీర్ఘం లేదు. దిద్దుదామని పెన్ను తీశాం కానీ చెయ్యి కదల్లేదు. ఆ తలుపుల ముందు మేం నవ్వుతూ నిలబడి చేతులూపాం. ఆవిడ నడకను చూసి సంతోషించాం. ఆ నాలుగడుగులూ మా కోసం ఎంత ఖరీదు పెట్టి నడిచిందో మాకు తెలియలేదు. రోజంతా నానోగ్రాములు లెక్కపెట్టేవాళ్ళం, ఇంట్లో మనిషిని మాత్రం గుమ్మంలో నిలబడి, తాళాలు ఆడిస్తూ, "ఏం లేదుగా?" అని అడిగాం. "లేదు" అన్న జవాబు మా ప్రశ్నలోనే ఉంది, ఆవిడ దాన్ని తిరిగి మాకిచ్చింది.

ఆ శనివారం ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు. మామ్మ పక్కన కూర్చున్నాం. రెండేళ్ళుగా కింద కూర్చోలేకపోతోందట. కార్తీక మాసంలో గుడి మెట్లు ఎక్కలేక కిందే దీపం పెట్టి వచ్చేసిందట. ఆపరేషను అంటే భయం కాదట, మమ్మల్ని సెలవు పెట్టించి రప్పించాల్సి వస్తుందని భయమట.

తర్వాతి వారం డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఎక్స్‌రేలో రెండు మోకాళ్ళూ అరిగాయని తేలింది. "నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంత?" అని ఆయన అడిగితే మేం తెలుగులో చెప్పాం. మామ్మ కాసేపు ఆలోచించి, "రూపాయికి పన్నెండణాలు" అంది. మేం ఏడున్నర అని చెప్పాం. తెలియనిదాన్ని తెలిసినదాని పక్కన పెట్టి కొలవడం ఆవిడకీ వచ్చు! తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు, కొంచెం బరువు తగ్గడం, కింద కూర్చోవడం మానడం, అప్పటికీ తగ్గకపోతే ఆపరేషను అని చెప్పారు ఆయన. ఫిబ్రవరిలో తిరిగి వెళ్ళేనాటికి నొప్పి పన్నెండణాల నుంచి అర్ధరూపాయికి దిగిందని చెప్పింది. నిజమో, మా కోసం చెప్పిందో! ఆపరేషను మాట ఇంకా తేలలేదు.

తిరుగు ప్రయాణానికి చక్రాల కుర్చీ మేమే అడిగాం. కౌంటరు దాకా బాబు తోశాడు. మామ్మ ఒళ్ళో సంచీ పెట్టుకుని, ఊరేగింపులో కూర్చున్నట్టు కూర్చుంది.

ఇప్పుడు ఫోను చేసేటప్పుడు మేం నలుగురం కూర్చుని చేస్తున్నాం. ముందు ఊరి కబుర్లు, కోడిపిల్లలు, చేపల చెరువులు అన్నీ అయ్యాక మోకాళ్ళ దగ్గరికి వస్తాం. పిల్లలూ, మీరు కూడా మీ మామ్మలకీ, అమ్మమ్మలకీ, తాతయ్యలకీ ఫోను చేసినప్పుడు గబగబా "బాగున్నారా" అని పెట్టేయకండి. మన బడి ఇచ్చిన పది ప్రశ్నలూ దాచుకోండి, ఏడోది మరిచిపోకండి.

మా ల్యాబు పని విధానం పుస్తకంలో ఇప్పుడు ఒక కొత్త వాక్యం చేరింది: "నమూనా సేకరణకు ముందు వ్యక్తిని 30 నిమిషాలు కూర్చోబెట్టవలెను." పక్కన "ఆధారం" అని ఒక గడి ఉంటుంది. అందులో పరిశోధన పత్రాల పేర్లు, సంవత్సరాలు రాశాం. ఆ గడిలో మామ్మను రాయడానికి వీల్లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాం.